ఎడారి పేటలో వంతు నీళ్లు

అమెరికాలోని ఫీనిక్స్‌లో కేమెల్‌బ్యాక్ కొండకు దక్షిణంగా ఆర్కేడియా అనే పాతపేట ఉంది. ఏడాదికి ఎనిమిది అంగుళాల వాన కూడా పడని ఊరది. అయినా ఆరిజోనా కాలువ దిగువన ఉన్న పెరళ్లలో వేసవి రాత్రుళ్లు చీలమండ లోతు నీళ్లు నిలుస్తాయి. కోనసీమ రైతుకు ఎవరూ వివరించక్కర్లేని ఏర్పాటే. పెరటి చుట్టూ చిన్న గట్టు, ఓ మూల తూము. లస్కరు పైన నీళ్లు వదిలితే, వంతు వచ్చిన ఇంటివాళ్లు అర్ధరాత్రి దాటినా సరే, టార్చిలైటు పట్టుకుని వెళ్లి తూము తిప్పుకోవాలి. వేసవిలో దాదాపు రెండు వారాలకోసారి ఇదే తంతు.

ఒకప్పుడు ఇవి నిమ్మ, నారింజ తోటలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాట్లు వేసి ఇళ్లు కట్టారు. మిగిలిన చెట్లకు ఎండదెబ్బ తగలకుండా మొదళ్లకు ఇప్పటికీ తెల్లరంగు పూస్తారు. నీటి కథ ఇంకా పాతది. 1903లో ఫీనిక్స్ ఉన్న లోయలోని రైతులు సంఘం కట్టి, తమ భూములనే హామీగా పెట్టి, కేంద్ర ప్రభుత్వ అప్పుతో రూజ్‌వెల్ట్ ఆనకట్ట కట్టించుకున్నారు. 1911లో అది పూర్తయింది. ఆ నీటి హక్కు భూమిని అంటిపెట్టుకునే ఉంది. ఇల్లు కొన్నవాడికి నీళ్లూ వస్తాయి, అదీ కారుచౌకగా.

ఆ హక్కు లేని కొత్త కాలనీలవాళ్లకు ఇది కడుపుమంటే మరి. 2021లో ఫీనిక్స్‌కు నీళ్లిచ్చే కొలరాడో నదికి తొలిసారి నీటి కొరత ప్రకటించారు. 2023లో భూగర్భ జలాలనే నమ్ముకున్న కొత్త కాలనీలకు ఫీనిక్స్ చుట్టుపక్కల అనుమతులు ఆపేశారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చాండ్లర్ వైపు కొత్త ఇళ్ల ముందు గడ్డి బదులు కంకరే కనిపిస్తుంది.

కంకరతో నీళ్లు మిగులుతాయి, నిజమే. కానీ పగలంతా కాగిన రాయి రాత్రికి ఆ వేడినే కక్కుతుంది. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఎండ ముదిరిన రోజుల్లో కేమెల్‌బ్యాక్ ఎక్కే దారులు పగటిపూట మూసేస్తారు. అలాంటి ఊళ్లో పెద్ద చెట్టు నీడను విలాసం అనలేం. కాబట్టి వంతు నీళ్లను ఒక్కసారిగా రద్దు చేయాలనడం తొందరపాటే.

అలాగని పచ్చిక బయలును వెనకేసుకురావాల్సిన పనీ లేదు. ఆ గడ్డి మీద నడిచేది వారానికోసారి దాన్ని కోసేవాడే! పెరడంతా ముంచే బదులు చెట్లకు పాదులు తీసి, అక్కడికే నీళ్లు మళ్లించాలి. ఇంకో షరతూ కావాలి. ఇప్పుడు పాత ఇళ్లు పడగొట్టి రెండింతల భవనాలు లేపుతున్నారు. కొట్టేసిన ప్రతి చెట్టుకూ ఆ స్థలంలోనే మరో చెట్టు నాటితేనే కొత్త యజమానికి తూము తెరవాలి.