ఎన్నికలు లేని ఊళ్లలో ఎన్నికైన సంఘాలు: నేపాల్ పౌర సమాజం అనుభవం

2002 జులైలో నేపాల్ స్థానిక సంస్థల పదవీకాలం ముగిసింది. మావోయిస్టుల సాయుధ పోరాటం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో కొత్తగా ఎన్నికలు జరపలేదు, పాతవారి గడువు పొడిగించనూ లేదు. 2006 ఫిబ్రవరిలో రాజు జ్ఞానేంద్ర పురపాలక సంఘాలకు జరిపించిన ఎన్నికలను ప్రధాన పార్టీలు బహిష్కరించాయి. గ్రామాలకు ఆ మాత్రం ఎన్నికలు కూడా లేవు. 2017 వరకు, అంటే దాదాపు పదిహేనేళ్ల పాటు, పల్లెల్లో ప్రజలు ఎన్నుకున్న పాలకవర్గమంటూ లేకుండా పోయింది. అయినా ఆ పల్లెల్లోనే సర్వసభ్య సమావేశాలు జరిగాయి, కార్యవర్గాలు ఎన్నికయ్యాయి, జమాఖర్చులు సభ్యుల ముందుకు వచ్చాయి. ఇవన్నీ జరిగింది సామూహిక అటవీ వినియోగదారుల సంఘాల్లో.

కొత్త ప్రజాస్వామ్యాలకు పౌర సమాజమే ఊతమన్న మాట అంతర్జాతీయ సదస్సుల్లో తరచు వినిపిస్తుంది. ఆ ఊతం ఏ రూపంలో అందుతుందో, ఎప్పుడు చేజారుతుందో గమనించదలచిన వారికి దక్షిణాసియాలో నేపాల్ కన్నా మంచి ఉదాహరణ అరుదు.

1993 నాటి అటవీ చట్టం ఈ సంఘాలకు ప్రతిపత్తి కల్పించింది. భూమి ప్రభుత్వానిదే. అడవిని కాపాడుకోవడం, కలప, గడ్డి, వంటచెరకు పంచుకోవడం, వచ్చిన ఆదాయాన్ని బడికో బాటకో ఖర్చు చేయడం మాత్రం సంఘం హక్కు. తెలుగు పాఠకులకు వన సంరక్షణ సమితులు పరిచయమే. అవి ప్రభుత్వ ఉత్తర్వుల ఆధారంగా, అటవీ శాఖ భాగస్వామ్యంతో ఏర్పడినవి. నేపాల్ సంఘాలకు నేరుగా చట్టమే అండ. ఈ తేడా చిన్నది కాదు. అటవీ అధికారితో పేచీ వచ్చినప్పుడు అక్కడి గ్రామస్థులు వినతిపత్రంతో సరిపెట్టుకోనక్కరలేదు, తమ హక్కుగా వాదించవచ్చు. 1995లో ఈ సంఘాలన్నీ కలిసి జాతీయ సమాఖ్యను ఏర్పాటు చేసుకున్నాయి. నేడు వీటి సంఖ్య 22,000 దాటింది.

యుద్ధకాలంలో ఈ సంఘాలు రెండు వైపులా నలిగాయి. కలప ఆదాయంపై మావోయిస్టులు పన్ను అడిగారు, అడవుల్లోకి వెళ్లేందుకు సైన్యం ఆంక్షలు పెట్టింది. ఊళ్లో పెద్దకులాల, స్తోమత గలవారి మాటే చాలాచోట్ల చెల్లుబాటైందన్న విమర్శ కూడా నిజమే. కార్యవర్గంలో సగం మంది మహిళలు ఉండాలని, అధ్యక్ష, కార్యదర్శి పదవుల్లో ఒకటి మహిళకు దక్కాలని 2009లో మార్గదర్శకాలు రావలసి వచ్చింది. లోపాలు ఎన్ని ఉన్నా, ఓటు వేయడం, లెక్క అడగడం, నచ్చని అధ్యక్షుణ్ని దించడం అనే అలవాటు ఆ పదిహేనేళ్లలో పూర్తిగా తప్పిపోకుండా నిలిపింది ఇవే.

రేడియోలదీ అలాంటి కథే. పర్యావరణ పాత్రికేయుల సంస్థ ఆధ్వర్యంలో 1997లో ప్రసారాలు మొదలుపెట్టిన రేడియో సాగర్‌మాథా, ప్రభుత్వ అజమాయిషీ లేని సామాజిక రేడియోకు దక్షిణాసియాలో దారి చూపింది. 2005 ఫిబ్రవరి 1న రాజు అధికారాన్ని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఎఫ్‌ఎం కేంద్రాల్లో వార్తలు నిషిద్ధమయ్యాయి. పాటలు మాత్రమే వేసుకోమన్నారు. కొందరు పాత్రికేయులు వీధి కూడళ్లలో మైకు పెట్టి వార్తలు చదివారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది, కోర్టు మధ్యంతర ఉత్తర్వులతో ప్రసారాలకు రక్షణ లభించింది.

అదే ఏడాది కాఠ్‌మాండూలో మాజీ ఆర్థిక మంత్రి దేవేంద్రరాజ్ పాండే, మానవహక్కుల కార్యకర్త కృష్ణ పహాడీ తదితరులు ప్రజాస్వామ్యం, శాంతి కోసం పౌర ఉద్యమాన్ని ప్రారంభించారు. అప్పటికి పార్టీల మీద జనానికి నమ్మకం సన్నగిల్లింది. అందుకే ఆ సభల్లో పార్టీ నాయకులకు వేదిక ఇవ్వలేదు. జనంలో కూర్చుని వినమన్నారు. నవంబరులో ఏడు పార్టీల కూటమికీ మావోయిస్టులకూ మధ్య 12 అంశాల అవగాహన కుదిరింది. 2006 ఏప్రిల్‌లో 19 రోజుల జనాందోళన తర్వాత రాజు దిగివచ్చి పార్లమెంటును పునరుద్ధరించారు. ఆ ఏడాది నవంబరు 21న సమగ్ర శాంతి ఒప్పందం, 2008 మే 28న గణతంత్ర ప్రకటన వచ్చాయి. పౌర సమాజానికి అది శిఖర దశ.

తర్వాతి దశలోనే తేడా వచ్చింది. రాయబార కార్యాలయాలలో, రాజ్యాంగ సంస్థలలో, కమిషన్లలో నియామకాలను పార్టీలు వాటాలు వేసుకుని పంచుకోవడాన్ని నేపాలీలు ‘భాగబండా’ అంటారు. నిన్నటిదాకా పార్టీలను నిలదీసిన మేధావులు, న్యాయవాదులు, అధ్యాపకులు ఏదో ఒక పార్టీ వాటాలో లెక్కకు వచ్చారు. మరోవైపు దాతల నిధులతో స్వచ్ఛంద సంస్థలు పెరిగాయి. వీటిని జనం వెటకారంగా ‘డాలర్ ఖేతీ’, అంటే డాలర్ల సేద్యం అన్నారు. ఆ మాట అన్ని సంస్థలకూ వర్తించదు. యుద్ధంలో ఇరుపక్షాలు చేసిన హత్యలను జిల్లాల వారీగా నమోదు చేసి ఏటా గ్రంథంగా వెలువరించిన ఇన్‌సెక్ వంటి సంస్థలూ ఉన్నాయి. అయితే 2007లో తరాయి మైదానాల్లో మధేశీల ఆందోళన చెలరేగినప్పుడు, రాజుకు ఎదురు నిలిచిన రాజధాని పౌర సమాజంలో చాలామంది దాన్ని అనుమానంగానే చూశారు. ప్రజాస్వామ్యం కోరినవారు, దానిలో వాటా కోరిన మరొకరిని గుర్తించలేకపోయారు.

యుద్ధ బాధితుల విషయంలో ఈ బలహీనత ఇంకా స్పష్టం. సత్యాన్వేషణ, సయోధ్య కమిషన్ 2015లో గానీ ఏర్పడలేదు. దాని ముందుకు 60,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయి, విచారణ ముందుకు సాగలేదు. 2024 ఆగస్టులో చట్టాన్ని సవరించారు. 2025 మేలో కొత్త సభ్యులను నియమించినప్పుడు, ఇవీ భాగబండా నియామకాలేనని బాధితుల సంఘాలు నిరసన తెలిపాయి.

ఫలితం నిలిచిన చోట్లు కూడా ఉన్నాయి. 2017 స్థానిక ఎన్నికల చట్టం ప్రకారం ప్రతి వార్డులో ఇద్దరు మహిళా సభ్యులుండాలి, అందులో ఒకరు దళిత మహిళ కావాలి. దళిత మహిళా సంస్థలు ఏళ్ల తరబడి ప్రాతినిధ్యం కోసం పట్టుబట్టిన ఫలమిది. ఆ ఎన్నికల్లో 14,000 మందికి పైగా మహిళలు గెలిచారు, వారిలో 6,000కు మించి దళితులు. అటవీ సంఘాల సమావేశాల్లో మాట్లాడడం అలవాటైన మహిళలు కూడా ఆ ఎన్నికల బరిలో నిలిచారు.

2025 సెప్టెంబరు నాటి యువజన ఆందోళనను ఈ నేపథ్యంలోనే చూడాలి. 26 సామాజిక మాధ్యమాలపై నిషేధం నిప్పు రాజేసింది. 8వ తేదీన కాల్పుల్లో 19 మంది మరణించారు. మరునాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు, పార్లమెంటు భవనం మంటల్లో చిక్కుకుంది. మొత్తం మృతులు 70 దాటారు. ఇంత జరిగాక సైన్యంతో, రాష్ట్రపతితో యువత పక్షాన ఎవరు మాట్లాడాలన్నదే ప్రశ్నగా మారింది. 2015 భూకంప సహాయక చర్యల్లో రూపుదిద్దుకున్న ‘హామీ నేపాల్’ సంస్థ ముందుకు వచ్చింది (నేపాలీలో హామీ అంటే ‘మేము’). డిస్కార్డ్ వేదికపై వేలమంది చర్చించి మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ పేరును మొగ్గుగా తేల్చారు. ఆమె సెప్టెంబరు 12న తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు, 2026 మార్చి 5ను ఎన్నికల తేదీగా ప్రకటించారు. 2006లో పార్టీల దగ్గర కూర్చుని షరతులు రాయించినవారు ఉన్నారు. 2025లో ఆ పని చేసేందుకు కొన్ని గంటల వ్యవధి, ఒక యాప్ మాత్రమే మిగిలాయి.

ప్రతినిధుల సభ రద్దయింది. కొన్ని మునిసిపల్ కార్యాలయాలు కూడా దగ్ధమయ్యాయి. అయినా 753 స్థానిక సంస్థల పాలకవర్గాలు రద్దు కాలేదు, కాలిన కాగితాల మధ్యనే జనన ధ్రువపత్రాలు, పింఛన్ల పని మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది వాటికే. 2022 మేలో ఎన్నికైన ఈ పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2027లో ముగుస్తుంది. 2002లో ఇలాంటి గడువే దాటిపోయినప్పుడు మళ్లీ ఓటు పడడానికి పదిహేనేళ్లు పట్టింది.