శిథిలాలను చూడటం తప్పా?

సెలవొస్తే రామాపురం సముద్రపు ఒడ్డుకు పిల్లాపాపలతో వెళ్తాం. భట్టిప్రోలు స్తూపానికి పోదామంటే మాత్రం 'అన్యమతస్తుల చోటు, మనకెందుకు?' అంటారు కొందరు పెద్దలు. సమూద్ జాతి శిథిలాలను దుఃఖిస్తూ దాటమన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని గుర్తుచేస్తారు. అది దైవశిక్ష పడిన జాతి విషయం. భట్టిప్రోలు గురించి అలా అనడానికి మనకు ఆధారం లేదు. పైగా భూమిలో సంచరించి పూర్వీకుల పర్యవసానం చూడమని దివ్య ఖురాన్ పదేపదే చెబుతోంది కదా!

1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో అక్కడ ధాతుపేటికలు, వాటిపై రెండువేల ఏళ్లు దాటిన బ్రాహ్మీ రాతలు దొరికాయి. మదర్సాలో ఉర్దూ చదివే మన పిల్లలు బడిలో దిద్దే తెలుగు అక్షరాలకు మూలం ఆ బ్రాహ్మీయే. అంతకుముందే స్తూపం ఇటుకలను రోడ్డుకూ, రాళ్లను కాలువ పనులకూ తవ్వుకుపోయారు. శత్రువుల దండయాత్ర కాదు, రోడ్డు పని! (మన పాత ఖబరస్తాన్ల గోడల సంగతి వేరే చెప్పాలా?)

చూడటం వేరు, పూజించడం వేరు. బాపట్ల భావనారాయణస్వామి గుడి గోపురాన్ని వీధిలోంచి చూస్తే ఈమాన్‌కు లోటేమీ రాదు. ఇతరులు కొలిచేవాటిని దూషించవద్దని కూడా ఖురాన్ ఆజ్ఞే. బిర్యానీ తిన్న విస్తళ్లు అక్కడే పారేయడం, ఇటుకలపై పేర్లు గీకడం మాత్రం మాకు ససేమిరా నచ్చవు.

తెనాలి–రేపల్లె రైలెక్కితే భట్టిప్రోలులోనే దిగవచ్చు. జుహర్ నమాజు వేళ చూసుకుని బయలుదేరండి. పేటికల కథ పిల్లలకు ముందురోజు రాత్రే చెప్పి ఉంచండి.