హీటర్ వేసిన హీరో

టాపు లేని కారులో హీరో హీరోయిన్లు జుట్టెగరేసుకుంటూ పాడుతుంటే మీరు ఈలలు వేసే ఉంటారు. వెయ్యండి, తప్పులేదు! కాని ఆ గాలి చాలాసార్లు ఫ్యాను గాలి. కారేమో నడిచే మనిషికంటె కాస్త ముందు, అంతే. ఎండలో, ఫస్టు గేరులో, గంటల తరబడి... స్పోర్ట్స్ కారుకి అంతకు మించిన శిక్ష లేదు.

1983 మే నెల. మద్రాసు నుంచి మహాబలిపురం వెళ్లే రోడ్డు మీద పాట తీస్తున్నారు. పత్రికవాణ్ణి కనుక నేనూ హాజరు. సినిమా పేరు అడక్కండి, చెప్పను. కారు మాత్రం ఎర్రటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. మన స్టాండర్డ్ హెరాల్డుకి స్వయానా చుట్టం. హెరాల్డు మద్రాసులోనే తయారైంది కాబట్టి సామాన్లు పుదుపేటలో దొరికేవి. వడపళనిలో షెడ్డు పెట్టుకున్న ఒక నెల్లూరాయన ఆ కారుని తుక్కు కింద కొని, మూడేళ్లు కూర్చుని ప్రాణం పోశాడు. అందరం ఆయన్ని 'అన్నా' అనేవాళ్లం. వదినగారి గాజులు కూడా తాకట్టుకెళ్లాయి. ఈ షూటింగు అద్దె చేతికొస్తే అవి విడిపించాలి!

మధ్యాహ్నం కెమెరామాన్‌గారికి హీరోయిన్ క్లోజప్ కావలసొచ్చింది. కారు ముందు అడ్డంగా చెక్కపలక కట్టించి, బానెట్ మీద కెమెరా బిగించారు. పలక ఎక్కడ పడిందంటారు? సరిగ్గా రేడియేటరుకి గాలి పోయే జాలీ మీద! కారు మెల్లిగా పోతుంటే ఎదురుగాలి ఎలాగూ ఉండదు. ఇంజను నెమ్మదిగా తిరిగితే దాని బెల్టుతో తిరిగే ఫ్యానూ నెమ్మదే. ఉన్న కాస్త గాలికీ పలక అడ్డం.

రెండే సీట్లు కదా, అన్న పాపం కారు పక్కనే నడుస్తూ మీటరులోకి తొంగి చూస్తున్నాడు. మూడో టేకులో ఒక్కసారిగా అరిచాడు: "సార్! హీటర్ వెయ్యండి సార్!"

మే నెలలో హీటరా! పట్టుచీరలో హీరోయిన్‌గారు, కోటులో హీరోగారు... "ఏమయ్యా, మతి ఉందా?" అన్నారాయన. మంచివారు కనుక వేశారు. నిజానికి హీటరంటే కాళ్ల దగ్గరుండే చిన్న రేడియేటరే. ఇంజనులో కాగిన నీళ్లు అందులోకీ పోతాయి. ఆ వేడి ఇంజనుని వదిలి హీరోగారి కాళ్లకు తగులుతుంది. ముల్లు కాస్త దిగింది.

"వన్ మోర్!" అన్నారు డైరెక్టరుగారు.

అన్న వెళ్లి కారుకి అడ్డంగా నిలబడ్డాడు. "అద్దె ఇయ్యకున్నా పర్లేదు సార్, ముందు పలక ఇప్పించండి." స్పిట్‌ఫైర్‌కి బానెట్, మడ్‌గార్డులు అన్నీ కలిపి ఒకే ముక్క. మొసలి నోరులా ముందుకి తెరుచుకుంటుంది. దానిమీద కెమెరా ఉంటే తెరిచేదెలా? యూనిట్టంతా గొణుక్కుంటూ విప్పారు. విప్పగానే ప్రొడక్షన్ కుర్రాడొకడు తువ్వాలు పట్టుకుని రేడియేటరు మూత తియ్యబోయాడు. అన్న వాడి మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు. ఆ మూత ఒత్తిడిని నిలిపే మూత. చదరపంగుళానికి 7 పౌన్లు నిలిపేదైతే లోపల నీళ్లు 110 డిగ్రీలు దాటాక గాని మరగవు. మూత తీసిన క్షణం ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా మొహాన కొడతాయి. ఇంకొకడు బకెట్టుతో చన్నీళ్లు తెచ్చాడు. కాగిన ఇంజనులో పోస్తే అది పగిలినా పగులుతుంది. వాణ్ణీ తరిమాడు. నలభై నిమిషాలు అందరం సరుగుడు చెట్ల నీడలో కూచున్నాం. ఈలోగా ఎండ మారిపోయింది, అద్దెలో సగం కోశారు.

రాత్రి షెడ్డులో అడిగాను: "ఇంజను కొత్తదిలా చేశావు గదన్నా, ఎందుకు కాగింది? పలక వల్లేనా?"

"పలకది సగమే తప్పు తమ్ముడూ. మిగతాది నాదే. ఇంజనుకి అంత పోసినోణ్ణి, రేడియేటరు కాడ కక్కుర్తి పడ్డా."

పాత బ్లాకులో ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు, మెషీన్ షాపులో రాలిన పొడి, ఇవన్నీ ఇంజను తిరగడం మొదలెట్టాక నీళ్లతో వచ్చి రేడియేటరు సన్నగొట్టాల్లో కూర్చుంటాయి. మద్రాసు బోరు ఉప్పునీళ్లు సరేసరి! మర్నాడు ట్యాంకు టంకం విప్పించి గొట్టాల్లో ఊచలు దూర్పిస్తే ఎర్రమట్టి లాంటిది రాలింది. అడుగు హోసు కూడా మెత్తబడింది. పంపు నీళ్లు లాగేది దాన్నుంచే. మెత్తబడితే లోపలికి అతుక్కుపోతుంది. థర్మోస్టాటు పీకి పారెయ్యమని అందరూ సలహా ఇచ్చారు. అన్న వినలేదు. అది లేకపోతే ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు అరుగుతుంది. గిన్నెలో నీళ్లు కాచి, దారానికి కట్టి ముంచి చూశాడు. 82 డిగ్రీల దగ్గర నోరు తెరిచింది, మళ్లీ బిగించాడు. ఆయిలు పుల్ల తీసి దీపం కింద పెట్టి చూశాడు. పాలరంగు లేదు. అంటే నీళ్లు ఆయిల్లో కలవలేదు, హెడ్డు గాస్కెట్టు బతికింది! అప్పుడు గాని ఆయన అన్నం తినలేదు.

ఇప్పుడైతే నేను నా కారులో కూలెంటు, శుద్ధి చేసిన నీళ్లు సమపాళ్లలో పోసి, రెండేళ్లకోసారి మారుస్తుంటాను. బోరు నీళ్ల జోలికి పోను.

వదినగారి గాజులు దీపావళికి గాని ఇంటికి రాలేదు. పాట మాత్రం ముందే వచ్చింది, ఆ మూడో టేకే ఉంచారు. క్లోజప్‌లో హీరోయిన్ చెక్కిళ్లు ఎర్రబడి, పైపెదవిమీద చెమట... సిగ్గుని ఎంత సహజంగా అభినయించిందీ అని మా పత్రికలోనే ఎవరో రాశారు!