తెర కొలత

పాత చిత్రాలు కొని ఇంట్లో చూసుకునే మిత్రులకు ఈ నెల మా మనవి ఒకటి: కొనేముందు బొమ్మ కొలత చూడండి.

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఆ బొమ్మ ఎత్తు ఒక అడుగైతే వెడల్పు 2.35 అడుగులు. పాత టీవీల్లో వెడల్పు 1.33 అడుగులే. ఆ తెర నిండేలా సినిమాస్కోప్ బొమ్మను కోసిన వీడియో టేపుల్లో నూటికి 43 పాళ్లు పక్కలకు పోయేది. మాట్లాడే మనిషి ఉంటాడు, వినే మనిషి ఉండడు!

‘మాయాబజార్’ సంగతి వేరు. 1957లో దాన్ని తీసింది 1.37 కొలతలో. 2010లో రంగులద్ది సినిమాస్కోప్‌కు మార్చారు. అలా మార్చితే పైనా కిందా కొంత పోక తప్పదు. రంగులు ముచ్చటే, కానీ నలుపు తెలుపు ప్రతి కూడా ఇంట్లో ఉండాలి.

టీవీలో నల్ల పట్టీలు కనబడితే బొమ్మ తగ్గిందని బెంగపడకండి. సాధారణంగా పూర్తి బొమ్మకు అవే గుర్తు. ‘జూమ్’ మీట జోలికి పోవద్దు. అంచులు కోసిన ఎక్స్‌రే చూసి మా డాక్టర్లం రోగం తేల్చం కదా!

ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఈ చిత్రాలను హాల్లో చూసే అవకాశం తక్కువ. మనం ఇంట్లో ఏది చూపిస్తే వాళ్లకు అదే అసలు.