ఒక్క కౌంటు తేడా: ఉసిక్, ఫ్యూరీ తీర్పుపై తగువు ఎందుకు తెగడం లేదు

రియాద్‌లోని కింగ్‌డమ్ అరీనాలో 2024 మే 18 రాత్రి పన్నెండు రౌండ్లూ ముగిసి స్కోరు కార్డులు చదివేసరికి మన దగ్గర తెల్లవారుజాము. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ గెలిచాడన్నారు, ఒకరు బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ గెలిచాడన్నారు. హెవీవెయిట్‌లో డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ బెల్టులు నాలుగూ ఒకేసారి ఒకే మనిషి దగ్గరికి చేరడం అదే మొదటిసారి. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత పోటీదారు లేని చాంపియన్ అనిపించుకున్న హెవీవెయిట్ కూడా ఉసిక్ ఒక్కడే.

అదే ఏడాది డిసెంబర్‌లో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు, ఉసిక్ మళ్లీ గెలిచాడు. 2025 జులైలో లండన్‌లో డేనియల్ డుబోయిస్‌ని ఐదో రౌండులో నాకౌట్ చేశాడు. అయినా బాక్సింగ్ చూసేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట తిరిగి తిరిగి ఆ మొదటి ఫైట్ దగ్గరికే వస్తుంది. ఫ్యూరీకి అన్యాయం జరిగిందని ఒకరంటారు. కాదు, ఉసిక్‌కి రావాల్సిన నాకౌట్‌ని రెఫరీ చెడగొట్టాడని ఇంకొకరంటారు. ఫైటు ఒక్కటే, మోసపోయామనే మాట మాత్రం రెండు వైపుల నుంచీ. ఎవరి మాటలో ఎంత బలముందో తేల్చాలంటే ముందు కార్డుల హిసాబ్ చూడాలి.

మొత్తం 227 ఎందుకైంది

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రతి రౌండుకీ విడిగా మార్కులు వేస్తారు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. ఓడినవాడు ఆ రౌండులో కింద పడితే, అంటే నాక్‌డౌన్ అయితే, మామూలుగా 10-8. పన్నెండు రౌండ్లూ నాక్‌డౌన్ లేకుండా, సమానం అనకుండా నడిస్తే ఇద్దరి మార్కులూ కలిపి 228 రావాలి.

మే 18 కార్డులు ఇవి: ఉసిక్‌కి 115-112, ఉసిక్‌కి 114-113, ఫ్యూరీకి 114-113. మూడింట్లో ఏది కూడినా 227 వస్తుంది. తగ్గిన ఆ ఒక్క మార్కూ తొమ్మిదో రౌండుది. ముగ్గురు జడ్జీలూ ఆ రౌండుని ఉసిక్‌కి 10-8గా రాశారు.

ఇప్పుడు ఆ నాక్‌డౌన్ లేదనుకోండి, మిగతాదంతా అలాగే ఉందనుకోండి. మొదటి కార్డు ఉసిక్‌కి 115-113 అవుతుంది. రెండోది 114-114, సమానం. మూడోది ఫ్యూరీకి 115-113. ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకటి మధ్యలో. అంటే ఫైట్ డ్రా. బెల్టులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండేవి, పాతికేళ్లుగా ఎదురుచూసిన ఒకే చాంపియన్ అన్న మాట మళ్లీ వాయిదా పడేది. చరిత్ర అని చెప్పుకుంటున్నదంతా రెఫరీ లెక్కపెట్టిన ఆ కొన్ని సెకన్ల మీద నిలబడి ఉంది.

ఈ లెక్క రెండు వైపులవాళ్లకీ నచ్చదు. ఉసిక్ తేలిగ్గా గెలిచాడన్న మాటా ఇందులో నిలవదు, ఫ్యూరీని కార్డుల దగ్గర దోచారన్న మాటా నిలవదు.

తొమ్మిదో రౌండులో ఏం జరిగింది

ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాల మనిషి, ఉసిక్ 6 అడుగుల 3 అంగుళాలు. మొదటి మూడు రౌండ్లు ఉసిక్ కదలికతో నెట్టుకొచ్చాడు. మధ్య రౌండ్లలో ఫ్యూరీ పొట్ట మీద గుద్దులతో, కింది నుంచి పైకి లేచే అప్పర్‌కట్లతో ఫైట్‌ని తన వైపు తిప్పుకున్నాడు. ఎనిమిదో రౌండు నుంచి గాలి మళ్లీ మారింది. తొమ్మిదిలో ఉసిక్ ఎడమ చెయ్యి గట్టిగా తగిలి ఫ్యూరీ కాళ్లు తేలిపోయాయి. రింగులో అటూ ఇటూ తూలుతూ తాళ్ల మీద పడ్డాడు, అక్కడ కూడా దెబ్బలు ఆగలేదు. రౌండు ముగియడానికి కొద్ది సెకన్ల ముందు రెఫరీ మార్క్ నెల్సన్ మధ్యలోకి వచ్చి కౌంట్ మొదలుపెట్టాడు. ఫ్యూరీ కౌంట్ దాటి నిలబడ్డాడు, గంట మోగింది.

ఫ్యూరీ అభిమానుల వాదన ఏంటంటే, ఆయన నేల మీద పడలేదు కదా, నాక్‌డౌన్ ఎలా అవుతుంది? రూలు తెలిస్తే ఈ వాదన నిలవదు. తాళ్లు పట్టి ఉండకపోతే మనిషి కింద పడేవాడే అని రెఫరీకి అనిపిస్తే అది నాక్‌డౌనే. ఆ వీడియో చూసినవాళ్లు ఎవరైనా తాళ్లు లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఉసిక్ అభిమానుల వాదన దీనికి పూర్తిగా ఎదురు. కౌంట్ ఇవ్వడంతో ఫ్యూరీకి ఊపిరి దొరికింది, ఇంకో రెండు దెబ్బలు తగిలితే ఫైట్ అక్కడే అయిపోయేది అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. అయితే రెఫరీకి అప్పుడున్న దారులు మూడే. ఫైట్ ఆపేయడం, కౌంట్ ఇవ్వడం, లేదా చూస్తూ ఊరుకోవడం. నాలుగు బెల్టుల ఫైట్‌ని ఆపేసి ఉంటే ఫ్యూరీ వైపువాళ్లు ఈరోజుకీ ఊరుకునేవాళ్లు కాదు. దెబ్బ తిని తూలుతున్న మనిషిని చూస్తూ వదిలేయడం రెఫరీ పనే కాదు. నెల్సన్ రూలు ప్రకారం నడిచాడు. ఆ ఒక్క కౌంటు ఉసిక్ నాకౌట్‌ని తీసేసి ఉండొచ్చు, అదే కౌంటు ఉసిక్‌కి టైటిలూ ఇచ్చింది.

ఫైట్ అయ్యాక రింగులోనే ఫ్యూరీ తానే గెలిచానన్నాడు, ఉసిక్ దేశం యుద్ధంలో ఉంది కాబట్టి జనం అటు మొగ్గుతున్నారన్నాడు. ఓడిన నిమిషంలో బాక్సర్ నోట వచ్చిన మాటని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ అభిమానులు దాన్ని పట్టుకుని నెలల తరబడి నడిపించారు. యుద్ధం మీద జాలితో మార్కులు వేస్తే ముగ్గురిలో ఒక జడ్జి ఫ్యూరీకి ఎలా ఇచ్చాడన్న ప్రశ్నకు మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు.

దెబ్బలు లెక్కపెడితే చాలదు

వాదన ముదిరినప్పుడు అందరూ పట్టుకునేది కంప్యూబాక్స్ అంకెలు. రింగు పక్కన కూర్చున్న మనుషులు బటన్లు నొక్కి దెబ్బలు లెక్కపెట్టే పద్ధతి ఇది. టీవీ కోసమే, తీర్పులో దీనికి చోటు లేదు. మే 18న ఉసిక్ 407 దెబ్బలు విసిరితే 170 తగిలాయి, ఫ్యూరీ 496 విసిరితే 157 తగిలాయి. తేడా 13. పన్నెండు రౌండ్లకి పంచితే రౌండుకి ఒకటి, కాస్త పైన.

పైగా రౌండ్ల తీరు మన అసెంబ్లీ ఎన్నికల్లా ఉంటుంది. నియోజకవర్గంలో 50 వేల మెజారిటీతో గెలిచినా, 50 ఓట్లతో గెలిచినా వచ్చే సీటు ఒక్కటే. ఒక రౌండులో చితక్కొట్టి, మిగతా రెండు రౌండ్లు వెంట్రుకవాసిలో పోగొట్టుకున్నవాడు మొత్తం దెబ్బల్లో ముందుండి కూడా కార్డులో వెనకపడతాడు.

దీని దెబ్బ మన మేరీ కోమ్‌కి తగిలింది. టోక్యో ఒలింపిక్స్‌లో కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియాతో మూడు రౌండ్లలో తర్వాతి రెండూ ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు మేరీకే ఇచ్చారు. మొదటి రౌండు మాత్రం 4-1తో అటు పోయింది. మొత్తం కలిపితే 3-2తో ఓటమి. గెలిచాననుకుని ఆమె చెయ్యి ఎత్తింది కూడా. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2024 పారిస్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో 5-0తో ఓడినప్పుడు ఆ అంకె చూసి ఏకపక్షం అనుకున్నవాళ్లు చాలామంది. 5-0 అంటే ఐదుగురు జడ్జీలూ అటే చూపారని, అంతే. ఎంత తేడాతో అన్నది ఆ అంకెలో కనిపించదు.

నిజంగా తప్పు తీర్పు ఎలా ఉంటుంది

దగ్గరి తీర్పు వేరు, తప్పు తీర్పు వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం గొడవ. తప్పు తీర్పు చూడాలంటే 1999 మార్చి 13కి వెళ్లాలి. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ ఫైట్. లూయిస్ 613 విసిరి 348 తగిలించాడు, హోలీఫీల్డ్ 385 విసిరి 130. ఇక్కడ తేడా 218. అయినా ఒక జడ్జి హోలీఫీల్డ్‌కి 115-113 ఇచ్చారు, ఒకరు 115-115 అన్నారు, ఒక్కరే లూయిస్‌కి 116-113. ఫలితం డ్రా. లూయిస్ ఉతికేసిన ఐదో రౌండుని కూడా ఒక కార్డులో హోలీఫీల్డ్‌కి రాశారు. ప్రభుత్వ విచారణల దాకా వెళ్లింది వ్యవహారం. నవంబర్‌లో మళ్లీ ఆడించాకే లూయిస్‌కి న్యాయం దక్కింది. ఆ పక్కన రియాద్ కార్డులు పెట్టి చూస్తే దోపిడీ అన్న మాట ఎంత పెద్దదో తెలుస్తుంది.

మన ఇళ్లల్లో బాక్సింగ్ అంటే ముందు గుర్తొచ్చే పేరు ముహమ్మద్ అలీ. తాతల కాలం నుంచి ఆ పేరు మీద అభిమానం. అలీ గెలిచిన ఒక తీర్పుని కూడా ఇదే కొలతతో చూడాలి. 1976 సెప్టెంబర్ 28, యాంకీ స్టేడియం, కెన్ నార్టన్‌తో మూడో ఫైట్. 1973లో ఒకసారి నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు, అదే ఏడాది అలీ బదులు తీర్చుకున్నాడు. మూడోసారి 15 రౌండ్ల తర్వాత కార్డులు 8-7, 8-7, 8-6తో ఒక రౌండు సమానం. మూడూ అలీకే. మూడు కార్డుల్లోనూ చివరి రౌండు అలీకే పోయింది. ముందున్నావని నార్టన్‌కి తన మూలలోని మనుషులు చెప్పడంతో ఆ రౌండులో అతను నెమ్మదించాడు. నార్టనే గెలిచాడని నమ్మే బాక్సింగ్ రాతగాళ్లు, పాత బాక్సర్లు ఇప్పటికీ తక్కువేం కాదు. అక్కడ నార్టన్‌కి అన్యాయం జరిగి ఉండొచ్చని ఒప్పుకోలేని అలీ అభిమాని రియాద్‌లో ఫ్యూరీ అభిమానిని జిద్దు మనిషి అనడం కుదరదు.

రీమ్యాచ్, మెషిన్ జడ్జి, డబ్బు

2024 డిసెంబర్ 21న మళ్లీ రియాద్‌లోనే రెండో ఫైట్. తూకంలో ఫ్యూరీ 281 పౌండ్లు, ఉసిక్ 226. తేడా సుమారు 25 కిలోలు, అంటే బియ్యం బస్తా మోస్తున్నంత. ఈసారి నాక్‌డౌన్ లేదు. ముగ్గురు జడ్జీలూ ఒకే మాట: ఉసిక్‌కి 116-112, అంటే ఎనిమిది రౌండ్లు అటు, నాలుగు ఇటు. కొత్తగా ప్రయోగం కోసం ఒక ఏఐ జడ్జిని కూడా పెట్టారు. దాని కార్డు ఫలితంలో కలవలేదు గానీ అదీ ఉసిక్‌కే 118-112 ఇచ్చింది. ఫ్యూరీ అప్పుడు కూడా తానే మూడు రౌండ్ల తేడాతో గెలిచానన్నాడు. మనుషులు ముగ్గురూ, మెషినూ ఒకవైపు ఉన్నా తగువు ఆగలేదంటే, అది మార్కుల పద్ధతితో తీరేది కాదని అర్థమవుతోంది.

ఈ తగువుతో నష్టపోయేవాళ్లు కూడా ఎవరూ లేరు. మొదటి ఫైట్ ఒప్పందంలోనే రీమ్యాచ్ షరతు ఉంది. దగ్గరి తీర్పు వస్తే రెండో ఫైట్‌కి వేరే ప్రచారమే అక్కర్లేదు. బెట్టింగ్ సంగతి మన ఇళ్లల్లో మాట్లాడుకునేది కాదు గానీ, విదేశాల్లో ఈ అరుపుల వెనక పందెం పోగొట్టుకున్న కోపం కూడా కొంత ఉంటుంది. ఖర్చంతా పెట్టుకున్నది తుర్కీ అల్ షేఖ్ నడిపించే రియాద్ సీజన్. నిజామాబాద్, కరీంనగర్, కడప ఇళ్ల నుంచి మనవాళ్లు పనికి వెళ్లే నగరం ఇప్పుడు లాస్ వెగాస్ చేసే వ్యాపారం చేస్తోంది.

ఇక నాలుగు బెల్టుల సంగతి. ప్రతి బెల్టు వెనక ఒక సంస్థ, ప్రతి సంస్థకీ బాక్సర్ల సంపాదనలో ఒక వాటా, ప్రతి సంస్థకీ తన సొంత వరుస. మే 18న కలిసిన నాలుగూ జూన్ చివరికే విడిపోయాయి. ఐబీఎఫ్ తన వరుసలోని పోటీ జరగాలంది, రీమ్యాచ్ ఒప్పుకున్న ఉసిక్ ఆ బెల్టు వదిలేశాడు. అది డుబోయిస్‌కి వెళ్లింది, తిరిగి తెచ్చుకోవడానికి ఉసిక్‌కి ఏడాది పైగా పట్టింది. ఆ రాత్రి జడ్జీల కార్డులతో పనే పడలేదు.

ఫ్యూరీ 2025 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆయన అలా ప్రకటించడం అదే మొదటిసారి కాదు కాబట్టి మూడో ఫైట్ మాట మర్నాటి నుంచే మొదలైంది.