తెరమీది వరిమడి

వరి పండించుట ఒక ఆట కాగలదని పల్లెటూరి రైతుతో అన్నచో అతడు నవ్వి ఊరకుండును. నడుము వంచి చేయు పని వినోదమెట్లగును? అయినను జపాను దేశమున ఎడెల్వైస్ అను మిక్కిలి చిన్న బృందమువారు అట్టి వీడియో ఆటను కల్పించి 2020 నవంబరులో లోకమునకు విడిచిరి. "సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్" అని దాని పేరు. పంటల దేవతకును యుద్ధదేవునకును పుట్టిన సకున గారాబమున చెడిన సోమరిపిల్ల. ఒక తప్పిదమునకు శిక్షగా ఆమెను రాక్షసులు తిరుగు దీవికి పంపుదురు. అచ్చట ఆమె బలము ముఖ్యముగా తాను పండించిన బియ్యపు గుణమును బట్టియే పెరుగును. కథ ఇంతే. చూడదగినది కథ కాదు, ఆ దీవిలోని మడి.

ఈ ఆటలో మీట నొక్కినంత మాత్రమున వరి పండదు. నేలను గుల్ల చేయవలెను, విత్తనములను ఉప్పునీట వేసి, తేలిన తాలును తీసివేయవలెను, నారు పోయవలెను, వెనుకకు నడచుచు ఒక్కొక్క మొక్కను నాటవలెను. మొక్కకు మొక్కకు నడుమ విడిచిన ఎడము కూడ పంటను మార్చును. మడిలో నీరెంత లోతు నిలుపవలెనో, ఎప్పుడు తీసివేయవలెనో తెలియనివానికి పిలకలు సరిగా రావు. కలుపు తీయుట, మలమూత్రములతో ఎరువు కూర్చుట, కోసిన పనలను దండెములపై ఆరవేయుట, నూర్చుట, దంచుట, ఇవన్నియు ఉన్నవి. దంపుడు బియ్యముగానే ఉంచవలెనా, తెల్లగా చేయవలెనా అను నిర్ణయమును ఆటగాడే చేయవలెను. ఆట వెలువడిన కొలది దినములకే అక్కడి ఆటగాండ్రు చిట్కాలకై జపాను వ్యవసాయ మంత్రిత్వశాఖవారి వెబ్‌సైటును తెరచి చదువసాగిరని వార్తలు వచ్చెను. ప్రభుత్వపు కాగితములకు ఇంతటి భాగ్యము అరుదు!

వీడియో ఆటలు పిల్లల కాలమును మ్రింగివేయునని ఉపాధ్యాయులలో చాలమంది అభిప్రాయము. అది నిరాధారము కాదు. కాని అన్నింటిని ఒకే గాటన కట్టుట న్యాయము కాదు. "స్టార్‌డ్యూ వ్యాలీ" అను అమెరికా ఆటలో 2019లో వరి చేరినది. అందు నారు నాటిన 8 దినములకు పంట. నీటి ప్రక్కన నాటినచో 6 దినములకే. అది సరదాయే కాని సేద్యము కాదు. స్విట్జర్లాండువారి "ఫార్మింగ్ సిమ్యులేటర్ 25" 2024 నవంబరులో వచ్చినది. నీరు నింపిన మళ్లును, నాట్లు వేయు యంత్రములును అందు గలవు. అయితే అందు నాయకుడు యంత్రమే. ఆడువాడు నడుపువాని పీఠముపై కూర్చుండి చక్రము త్రిప్పుటలో ఆరితేరును. మొక్కతో అతనికి పరిచయము స్వల్పము. పని ఎంత నెమ్మదిగా సాగిన ఆట అంత సత్యమునకు దగ్గర. ఈ లెక్కన సకునయే మేలు.

ఆ ఆటలో నూర్పిడి ఘట్టమును తరగతిలో ప్రత్యేకముగా చూపవచ్చును. మొదట సకున రెండు పుల్లల నడుమ వెన్నును ఇరికించి గింజలను దూయును. ఇది ఓర్పును పరీక్షించు పని. తరువాత దువ్వెనవలె పండ్లు గల "సెన్బాకోకి" అను పనిముట్టు చేతికి వచ్చును. పని చకచక సాగును. ఆటగాడు ఊపిరి పీల్చుకొనును. ఈ పనిముట్టు కల్పితము కాదు. జపానులో ఎడో యుగమున వ్యాపించినది. అంతకు పూర్వము పుల్లలతో గింజలు దూయు కూలిపని పేద వితంతువులకు జీవనాధారముగా ఉండెడిది. కొత్త పనిముట్టు రాగా ఆ కూలి పోయినది. అందుచేతనే జనులు దానికి "గోకెదావోషి", అనగా వితంతువులను పడద్రోయునది, అని పేరు పెట్టిరి. తెలుగుదేశమున బియ్యపు మిల్లులు వచ్చి దంపుళ్ల కూలిని తీసికొనిపోయినప్పుడును, నేడు వరికోత యంత్రము పొలములోనికి దిగినప్పుడును ఇదే ప్రశ్న నిలుచును: తేలికయైన పని ఎవరి చేతిలోనిది, పోయిన కూలి ఎవరిది? ఆటగాని సంతోషము ఆ ప్రశ్నను అడుగనీయదు. అడుగవలసినవాడు ఉపాధ్యాయుడు.

ఆటలు చూపజాలనిది మరియొకటి కలదు. సకున ఏడాదికి 12 దినములే. ఒక పంట చెడినను మరుసటి పంట కనుచూపు మేరలోనే ఉండును. ఆమెకు కౌలు లేదు, అప్పు లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు డెల్టాలో కోతకు వచ్చిన చేలు నేలకొరగినవి. కోసిన పనలును కల్లములోని రాసులును తడిసినవి. ప్రభుత్వ కొనుగోలునకు ధాన్యములో తేమ 17 శాతమును మించరాదు. తడిసిన ధాన్యమును రోడ్ల మీద పరచి, మబ్బువంక చూచుచు కూర్చున్న కౌలురైతునకు వెనుకటి దినమునకు తిరిగిపోవు మీట ఏదియు లేదు. ఈ భేదమును చెప్పక ఆటను మెచ్చుకొనుట పిల్లలను మోసగించుటయే యగును.

అట్లని ఆటను నిషేధించినచో లాభమేమి? పట్టణపు పాఠశాలలో తాలు అనగా ఏమో ఎరుగని బాలుడు సకున మూలమున ఆ మాటవరకు వచ్చియున్నాడు. అక్కడినుండి ముందునకు నడిపించుటకు గిన్నెడు నీరు, గుప్పెడు ఉప్పు, ఒక కోడిగ్రుడ్డు చాలును. గ్రుడ్డు నీటిపై రూపాయి బిళ్లంత కనబడునట్లు తేలువరకు ఉప్పు కలిపించి, దానిని తీసివేసి, వడ్లు వేయించవలెను. తేలినవానిని తీసి పారవేసి, మునిగినవానిని మంచినీట రెండు మూడు మారులు కడిగించవలెను. ఉప్పు మిగిలినచో మొలక చెడును. కడిగిన గింజలను తడిగుడ్డలో మూటగట్టి తరగతి గదిలోనే ఉంచినచో రెండు మూడు దినములలో మొలక ముక్కు కనబడును.