జలగండం

పోయిన వారం మిత్రుడొకాయన నార్వే వెళ్ళొచ్చి ఫోటోలు పంపాడు. నేరోయ్‌ఫ్యోర్డ్‌లో కయాక్ ప్రయాణం. హిమానీనదాలు చెక్కిన లోయలోకి సముద్రం చొరబడిన చోటు అది. సన్నబడిన దగ్గర నీళ్ళ వెడల్పు 250 మీటర్లే, రెండు పక్కలా నిలువు కొండలు. ఎనిమిది మంది యాత్రికులు, ఒక గైడు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం. ఫోటోల కింద ఒక ప్రశ్న: "మన పాపికొండలు దీనికేం తీసిపోయాయండీ? మనకిలాంటివి ఎందుకు లేవు?"

ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది రాజమండ్రి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాడికి ఈత రాదంటే నవ్వుతారు గానీ నాకు నలభై రెండేళ్ళ దాకా రాలేదు. చిన్నప్పుడు ఎవరో సిద్ధాంతిగారు నా జాతకం చూసి జలగండం ఉందన్నారట. ఇంక మా అమ్మ నన్ను రేవులో మోకాలి లోతు దాటనివ్వలేదు. పుష్కరాల్లో కూడా చెంబుతో నెత్తిన పోసి తీసుకొచ్చేసింది.

హైడెల్‌బర్గ్ వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడా నది పక్కనే కాపురం. నెకార్ మన గోదావరి ముందు పిల్లకాలువ. అయినా వేసవి వస్తే ఊరంతా దాని మీదే ఉంటుంది. ఎగువన నెకార్‌స్టైనాఖ్ దగ్గర కొండ మీద వరసగా నాలుగు కోటలు, అవతలి ఒడ్డున ఎత్తు మీద దిల్స్‌బెర్గ్ ఊరు. ఆ మలుపుల్లో కయాక్ మీద ఒక పూట తిప్పే చిన్న బృందాలుంటాయని విని రెండు వేసవుల కిందట నేనూ డబ్బు కట్టాను.

ఆ రోజు మేం ఎనిమిది మందిమి. గైడు పాతికేళ్ళ అమ్మాయి. పడవ దగ్గరికి వెళ్ళకముందే మా అందరినీ నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగింది, ఈత వచ్చా అని. నా వంతు రాగానే "కొంచెం" అన్నాను. "కొంచెం అంటే ఎన్ని మీటర్లు?" అంది. అబద్ధం గొంతు దాకా వచ్చి ఆగింది. రాదని ఒప్పుకున్నాను.

"అయితే మిమ్మల్ని తీసుకెళ్ళలేనండీ" అంది.

లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అన్నాను. ఓపిగ్గానే చెప్పింది. జాకెట్ తేలుస్తుంది, భయాన్ని తీసెయ్యదు. ఈత రానివాడు నీళ్ళలో పడితే చేతికందినదాన్నల్లా పట్టుకుంటాడు, పక్క పడవను కూడా. "అప్పుడు నేను మీ దగ్గరే ఉండాలి. మిగతా ఏడుగురినీ ఎవరు చూస్తారు?" డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేసింది.

అవమానమనిపించింది. రైలెక్కి ఊళ్ళోకి వచ్చి ఇక్బాల్ పేరు పెట్టిన ఒడ్డున కూర్చున్నాను. 1907లో ఇక్కడున్నప్పుడు ఆయన ఈ నది సాయంత్రం మీద ఒక కవిత రాశాడు. అందులో అంతా నిశ్శబ్దమే. నా బుర్రలో మాత్రం ఆ అమ్మాయితో వాదన నడుస్తూనే ఉంది. అలా కోపంగా కూర్చునే, ఇంతకుముందు నన్ను ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా అని వెతుక్కున్నాను. ఒక్కరూ లేరు.

పెళ్ళయిన కొత్తలో పాపికొండలు వెళ్ళాం. లాంచీ నిండా జనం, పైన మైకులో సినిమా పాటలు, డాన్సులు, కింద ఉప్మా, అరిటాకులో భోజనం. బాగుంది, కాదనను. లైఫ్ జాకెట్లు ఒక మూల కుప్పగా పడున్నాయి. మా బావమరిది ఒకటి తెచ్చుకుని తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. ఈత వచ్చా అని గానీ, పడవ ఒరిగితే ఏం చెయ్యాలని గానీ ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు.

2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఆదివారం. గోదావరి వరద మీద ఉంది. బోటులో 77 మంది ఉన్నారని లెక్క తేలింది, బతికింది 26 మంది. వాళ్ళను ముందుగా బయటకు లాగింది దగ్గరి గూడెం మనుషులు, తమ చిన్న పడవలతో. బోటును కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న పైకి తీసింది. ఆ వారాలన్నీ ఇక్కడ కూర్చుని ఫోన్‌లో చూస్తూనే ఉన్నాను. అంతా డ్రైవరు గురించీ, పర్మిట్ల గురించీ, అధికారుల గురించీ మాట్లాడుకున్నాం. అవన్నీ మాట్లాడవలసినవే. కానీ ఆ పొద్దున రేవులో నిలబడి "ఇవాళ వద్దు" అనగలిగిన మనిషి ఒక్కడున్నా చాలేది. ఆ మాట చెప్పే అధికారం, చెప్పినందుకు నష్టపోని ఏర్పాటు ఎవరికీ లేవు. డెబ్భై టిక్కెట్లు వెనక్కివ్వడం అంటే మాటలా?

జర్మన్లు పుట్టుకతో జాగ్రత్తపరులు, మనం కాదు అనే మాట నేను నమ్మను. 1912 జులైలో బాల్టిక్ ఒడ్డున బింజ్ అనే ఊళ్ళో ఓడ కోసం జనం నిలబడ్డ వంతెన విరిగి పదిహేను మందికి పైగా మునిగిపోయారు. ఆ కాలంలో ఇక్కడ ఈత వచ్చినవాళ్ళు బహు తక్కువ. ఆ మరుసటి ఏడు, 1913లో, డీఎల్ఆర్‌జీ అనే ప్రాణరక్షక సంఘం పెట్టుకున్నారు. జనానికి ఈత నేర్పడమే దాని మొదటి పని. నూరేళ్ళు దాటినా నేర్పుతూనే ఉన్నారు. మా అబ్బాయి ఆరేళ్ళకే సముద్రగుర్రం బొమ్మ బ్యాడ్జి తెచ్చుకున్నాడు. కొలనులోకి దూకి 25 మీటర్లు ఈది, భుజం లోతు నీళ్ళ అడుగు నుంచి వస్తువు తీస్తే ఇస్తారు.

మన దగ్గరా కచ్చులూరు తర్వాత బోట్ల మీద నిఘాకు కంట్రోల్ రూములు పెట్టారు. మంచిదే. అయితే నిఘా పడవను చూస్తుంది. పడవలో ఉన్నవాడికి నీళ్ళంటే ఏమిటో ఎవరు నేర్పాలి?

వాడి బ్యాడ్జి చూసి ఆ శీతాకాలం నేనూ పెద్దవాళ్ళ ఈత క్లాసులో చేరాను. మొదటి నెల కొలను గోడ వదల్లేదు. ఏడాది తిరిగేసరికి కంచు బ్యాడ్జి వచ్చింది. పదిహేను నిమిషాలు ఆగకుండా ఈదడం, కనీసం 200 మీటర్లు. అమ్మకు ఫోన్‌లో చెప్తే రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పోయిన వేసవిలో మళ్ళీ వెళ్ళాను. బయల్దేరేముందు ఆ అమ్మాయి మా అందరినీ ఒడ్డు పక్కనే కావాలని పడవ తిరగేయించింది. తలకిందులుగా నీళ్ళలో ఉండి, నడుం దగ్గరి గుడ్డ ఊడదీసుకుని బయటపడాలి. రెండుసార్లు చేయించింది. తర్వాత సరుకు ఓడల సంగతి చెప్పింది. నూరు మీటర్లకు పైగా పొడవుండే ఓడ మనల్ని చూసి ఆగలేదు, మనమే ఒడ్డుకు తప్పుకోవాలి. నాలుగు కోటలూ చూశాం, బాగున్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రెండు మునకలే. జలగండం ఎలా ఉంటుందో చేతులారా తడిమి చూసినట్టుంది.

కాబట్టి మిత్రమా, కొండలూ నీళ్ళూ మనకున్నాయి. లేనిది కాదనే గొంతు. చిన్న బృందం గొప్పతనం ఏకాంతమో, ఫోటోలో జనం పడకపోవడమో కాదు. ఎనిమిది మందైతే గైడు అందరి మొహాలూ గుర్తుపెట్టుకుంటాడు, ఒకరిని ఆపగలడు, వాన పడితే యాత్రే మానెయ్యగలడు.

ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని మీరంటారు. నిజమే, ఎనిమిది మంది పడవ లాంచీ టిక్కెట్టుకు రాదు. లాంచీలు వద్దనీ అనను. మా అమ్మలాంటివాళ్ళు కొండలు చూడాలంటే లాంచీయే దిక్కు. కానీ లాంచీలో కూడా పది మందికొక బాధ్యుడు ఉండొచ్చు. ఎక్కేముందు జాకెట్ తొడిగించి, బకిల్ లాగి చూసి, ఈత రానివాళ్ళను గుర్తుపెట్టుకోవచ్చు. వరద రోజు టిక్కెట్టు డబ్బు పోతుందని భయపడకుండా మానేసే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ బాధ్యులు ఎక్కడ దొరుకుతారంటారా? కచ్చులూరులో జనాన్ని ఒడ్డుకు చేర్చినవాళ్ళ గూడేల్లోనే. సుడి ఎక్కడుంటుందో, నీటి రంగు మారితే ఏమిటో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పోలవరం నీళ్ళు వాళ్ళ ఊళ్ళను తరిమేస్తున్న ఈ రోజుల్లో, ఆ తెలివికి జీతం ఇచ్చి నిలబెట్టుకోవడం దయ కాదు, మన అవసరం.

వచ్చే సంక్రాంతికి ఇంటికెళ్తున్నాను. మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్ళు. దాని జాతకంలో ఏముందో నాకు తెలియదు. ఊళ్ళో ఈతకొలను ఉందిట, వెళ్ళిన మర్నాడే తీసుకెళ్తానని చెల్లికి చెప్పాను. అమ్మకింకా చెప్పలేదు.